పిక్క చప్పుడు

కాశీబుగ్గలో మా ఫ్యాక్టరీ గేటుకి
ఆ ఉదయం కొత్త ఫ్లెక్సీ కట్టినారు.
రెండు జెండాలు, కలిపిన రెండు చేతులు.
బెనిన్ అని రాయబోయి బెన్నీ అని రాసీసినారు.
సావుకారు చూసి నెత్తి కొట్టుకున్నాడు,
ఎవుడో పసుపు కాగితం అంటించి దిద్దినాడు.

సంతకాలు, చప్పట్లు, జీడిపప్పు ఉప్మా.
మేం పన్నెండుమందిమి నీలం కోట్లు తొడుక్కుని
ఫొటోకి వెనకాల నిలబడినాం.
కోట్లు మళ్ళీ ఇచ్చీమన్నారు.

ఆ తర్వాత ఒకామె వచ్చి
నా మిషను పక్కన పీటేసుకుని కూచుంది.
అఫియావి.
నెత్తికి పువ్వుల గుడ్డ, చెవికి చిన్న పూస.
విశాపట్నం నుంచొచ్చిన దుబాసీ కుర్రోడు
సగం చెప్పి సగం మింగీస్తన్నాడు.
శుక్రవారం పుట్టింది గనక ఆ పేరంట.
నాను ఆదివారం పుట్టిన ఆదెమ్మని.
అది చెప్పమంటే కుర్రోడు నవ్వీసినాడు.
ఆమె నవ్వలేదు. నా పేరు
రెండుసార్లు నోట్లో తిప్పి చూసుకుంది.

పదిరోజులు నేర్చుకోడానికి వచ్చింది.
ఆళ్ళ ఊళ్ళో పిక్క రాలుతాది, బస్తాకెక్కుతాది, ఓడెక్కుతాది,
ఏరినోళ్ళు పప్పు రుచి ఎరగరట.
ఇంక అక్కడే కొడతారట.

మధ్యాన్నం కేరేజీ ముందు నూకాలు నా మోకాలు గిల్లింది.
"ఒసే, అన్నీ నేర్పీకే.
ఆళ్ళే కొట్టుకుంటే మనకి పిక్క ఎక్కడిది?
మిషను తుప్పడతాది. నీ పిల్ల ఫీజు ఎవుడు కడతాడు?"
అబద్ధమా అది? కాదు.

నేర్పినాను.
చేతికి ఆముదం, దాని మీద బూడిద.
పిక్క వంపు కత్తి వైపు. కాలు నెమ్మది, చెయ్యి బేగి.
ఆమె బొటనవేలి పక్కన నల్లమచ్చ,
సరిగ్గా నాకున్న చోటే.
జీడి కాల్చిన మచ్చ,
సబ్బుకి పోదు, ఏడుపుకి పోదు.
ఆ బల్ల మీది సంతకం ఎన్నాళ్ళుంటాదో నాకు తెల్దు.

ఒకటి మాత్రం దాచుకున్నాను.
ఉడికిన పిక్క ఆరిందో లేదో ఎలా తెలుస్తాదన్నది.
మిషనుకి తెల్దు. సూపర్‌వైజరుకీ తెల్దు.
మా అత్త నాకు చెప్పింది,
అదీ మూడేళ్ళు చాకిరీ చేయించుకున్నాకే.
ఆమె కొట్టిన పప్పు సగం బద్దలైపోతంటే
నా బల్ల కేసి చూసేది.
నాను కిటికీ కేసి చూసేదాన్ని.

కిటికీ అవతల ఉద్దానం రోడ్డు.
తుపాను రాత్రి మా తోటలో నలభై చెట్లు
వేళ్ళు పైకెత్తి పడిపోయినాయి.
తెల్లారి మా ఆయన ఒక్కో మానూ ముట్టుకుంటా తిరిగినాడు,
శవాల్ని పోల్చుకున్నట్టు.
ఆ ఏడాది మేం తిన్న కూడు
ఎవరి చెట్టు కిందదో ఎప్పుడైనా అడిగినానా?
బస్తాల మీద మనకి రాని అక్షరాలు.
ఒక బస్తా అడుగున పిల్లల ప్లాస్టిక్ గాజు దొరికింది, పచ్చది.
ఇప్పటికీ నా సూదుల డబ్బాలో ఉంది.

ఆఖరి రోజు వేను స్టార్టయింది.
దుబాసీ ముందు సీట్లో ఫోనులో ఉన్నాడు.
పరిగెత్తినాను.
కొంగులోంచి రెండు పిక్కలు తీసి
గేటు సిమెంటు మీద ఒకటి వదిలినాను.
టక్.
రెండోది.
తప్.
మొదటిదాన్ని కత్తి కింద పెట్టినట్టు చూపించినాను.
రెండోదాన్ని గుప్పిట్లో మూసి చెంపకింద పెట్టుకుని
కళ్ళు మూసినాను,
దీనికి ఇంకో రాత్రి.
ఆమె వేను దిగింది. తనే వదిలింది. చెవి ఒగ్గింది.
టక్, అంది.
తప్, అంది.
దుబాసీ తల తిప్పి చూసినాడు.

ఈ ఏడాది బస్తాలు తగ్గినాయి.
వారానికి నాలుగు రోజులే పని.
నూకాలు నాతో మాటాడదు.
మానీనీ, దానికీ పిల్లలున్నారు.
పని లేని పూట ఆ గాజు తీసి
సిమెంటు మీద వదులుతాను.
టక్కనదు, తప్పనదు, పిచ్చి గాజు.
దొర్లుకుంటా దొర్లుకుంటా
గేటు దాకా పోతాది.