నాలుగు రోజుల ప్లాను

డాక్టరు బాబూ, పెన్ను ఉందా? రాసీసుకోండి.
మీ స్నేహితులు ముగ్గుర్నీ మార్చిలోనే రమ్మనండి,
ఏప్రిల్ అయితే బంతి ఎగరకముందే మనిషి కరిగిపోతాడు.

మొదటి రోజు ఆట వద్దు.
రైలు దిగినోడి ఒంట్లో రైలు ఇంకా ఊగుతానే ఉంటాది,
పుట్టర్ పట్టుకుంటే చేతులు అనకాపల్లి దాటవు.
భీమిలి రోడ్డు మీద కారు నెమ్మదిగా పోనిచ్చి
తొట్లకొండ దగ్గర అద్దాలు దించమనండి.
సముద్రం చూపించడానికి కాదు,
గాలి ఎటునుంచి కొడతందో చెంపలకి తెలవాలి.
రేపు పేచీ దాంతోనే.

రెండో రోజు ఐదున్నరకే.
గడ్డి మీద తడి ఉంటాది,
నడిచినోడి వెనకాల నల్లటి అడుగులు నడుస్తాయి.
మూడో హోల్లో కొండ లాగుద్ది బంతిని,
ఐదో హోల్లో సముద్రం లాగుద్ది, కనపడకుండానే.
పోయినేడు నాగపూర్ నుంచి వచ్చిన పెద్దాయన
నా మాట వినక పదకొండు బంతులు పోగొట్టేరు.
తొమ్మిది వెతికిచ్చేను.
రెండు ఏ ముంగిస గుడ్లనుకుని ఎత్తుకుపోయిందో.

వైను సంగతి అడిగేరు కదా.
మా ఊళ్లో వైన్స్ అని బోర్డున్న కొట్లో
దొరకనిది వైను ఒక్కటే బాబూ.
అడిగితే కుర్రోడు నన్ను పైనుంచి కిందికి చూసి
"ఎవరికి?" అన్నాడు.
అందుకని వాల్తేరు రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లేను.
డొరీన్ మామ్మ ఉంది అక్కడ, ఇంజను డ్రైవరు భార్య.
ఆయన పోయేడు, జాడీలు ఉండిపోయేయి.
నల్లద్రాక్ష, దాల్చినచెక్క, గుప్పెడు గోధుమలు,
మూతికి పాత జాకెట్టు గుడ్డ కట్టి
క్రిస్మస్‌కి చేసినదాంట్లో నాలుగు సీసాలు దాచింది.
డబ్బు వద్దంది.
"గ్లాసులో ఐసు వేసేవాళ్లయితే మాత్రం ఇవ్వను" అంది.
అదీ రాసీసుకోండి.

మూడో రోజు జంతువులు.
కంబాలకొండలో చిరుత ఉందంటారు,
నా చిన్నప్పట్నించీ అంటన్నారు.
దానికోసం పొద్దు పాడుచేసుకోవద్దు.
బీచిలో తాబేలు గుడ్లకి దడి కట్టి కాపలా కాస్తారు,
చీకటితో వెళ్తే పిల్లల్ని వదిలేది చూడొచ్చు.
ఫోను లైట్లు వెయ్యకూడదు, ముందే చెప్పండి.
అగ్గిపెట్టంత ప్రాణి బాబూ,
ఎటు నడవాలో చెప్పే కేడీ లేడు,
అయినా తిన్నగా నీళ్లలోకి పోద్ది.
మీవాళ్లు పావుగంట మాటాడరు చూడండి.
ఆ పావుగంట పాడవకూడదనే
ఆ రోజు ఆట పెట్టనేదు.

నాలుగో రోజు మళ్లీ ఆట,
ఏడో హోలు మాత్రం వదిలీయాలి.
మరమ్మత్తు అని బోర్డు ఉంటాది. ఆ బోర్డు పెట్టింది నేనే.
మీకొక్కరికే చెప్తన్నాను:
బంకర్ పక్కన గులకరాళ్లలో తీతువు నాలుగు గుడ్లు పెట్టింది.
అది అరిస్తే చావు కబురని
మా అమ్మ చీపురు విసిరీది.
మొన్న ఒకాయన బంతి దాని పక్కన, జానెడు దూరంలో పడింది.
నేను వెళ్తే ఎగిరిపోలేదు.
రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటా
ఇటు రా, ఇటు రా అని నన్ను పక్కకి తీసుకుపోయింది.
నవ్వొచ్చింది.
"అటు కాదు బాబూ, ఇటు చూడండి" అనుకుంటా
ముప్పై ఏళ్లుగా నేను చేసేదీ అదే పని.

బంతి దొరకలేదని చెప్పీసేను.
ఆయన జేబులోంచి కొత్తది తీసేరు.
పాతది ఇంకా అక్కడే ఉంది,
నిన్న చూస్తే దాన్నీ రెక్క కిందకి లాక్కుంది.

స్కోరు కార్డులో ఏడో గడి ఖాళీగా వదిలీయమనండి.
టోపీలు తెచ్చుకోమనండి.
సంచులు తేలిగ్గా సర్దమనండి, మోసేది ఈ భుజమే.
ఉండండి, పెట్టీకండి ఫోను,
డొరీన్ మామ్మ సీసాలు కడిగి వెనక్కివ్వాలి.
అది రాసేరా?