పులికి గడి లేదు

తరమణిలో మా గది కిటికీ మీద
పై అంతస్తు ఏసీ నీళ్లు రోజంతా కారుతుంటాయి.
యుద్ధాలకు కారణాలు నింపడం నా ఉద్యోగం.
నేల ఒకటి, నీళ్లు రెండు, పగ మూడు.
పొరపాటు ఐదు. అబద్ధం ఏడు.
అంత చివర్న ఎందుకని అడిగితే
పొన్మలర్ మేడమ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ
"ఆరుతో సరిపోతుందనుకున్నాం" అంది.

నేను నింపిన వరసలే
గోడ అవతల ఇళవేనిల్ నావి చూడకుండా మళ్లీ నింపుతాడు.
ఇద్దరం ఎంత కలిశామో తేల్చడానికో లెక్కుంది.
నూటికి డెబ్భై దాటితే
లోకం కాస్త అర్థమైనట్టు.
మొన్న అరవై ఒకటి వచ్చింది.
కిందికెళ్లి టీ తాగాం.
యుద్ధాలు ఫ్యాన్ కింద రెపరెపలాడుతూ ఉండిపోయాయి.

బుధవారాలు ఎగ్మోర్.
పాత కాగితాల గదిలోకి పెన్ను తేనివ్వరు, పెన్సిలే.
నలభై రెండు ఏప్రిల్ కట్ట విప్పితే
తుమ్ములూ, తుప్పు పట్టిన గుండుసూదులూ.
జపాను ఓడలు వస్తున్నాయన్నారు.
ఎవరన్నారు?
కట్టంతా తిరగేశాను, మనిషి దొరకలేదు.
"తెలియవచ్చింది" అని మాత్రం ఉంది.
ఆ మాటకు నోరుండదు. కాళ్లుంటాయి.

ఊరు సగం ఖాళీ అయింది.
చూళైలో మా జేజెమ్మ
బిందెలో నగలు వేసి పైన కల్లుప్పు పోసి
నెల్లూరు బండి ఎక్కిందట.
ఓడలు రాలేదు.
వస్తే, బాంబులకు బోనులు పగిలితే,
ఊరి మీద పడతాయని
జంతువుల పార్కులో పులుల్ని ముందే కాల్చేశారు.

నా పట్టికలో మృతులకు రెండు గడులు.
సైనికులు. పౌరులు.
పులికి గడి లేదు.
అసలు యుద్ధమే ఊళ్లోకి రాలేదు కదా,
వరస ఎక్కడ మొదలుపెట్టను?
నోటుపుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను:
పులులు. ఎన్నో తెలీదు. ఏడు.

ఇళవేనిల్ ఒప్పుకోలేదు.
"అబద్ధం కాదది, భయపడ్డారు. ఐదు వెయ్యి."
పులికి తేడా తెలుస్తుందా అన్నాను.
చాలాసేపు గ్లాసు అడుగు చూశాడు.

సాయంత్రాలు ఫోన్లలో తిరిగిన మాటలు.
పేర్లూ నంబర్లూ చెరిపి ఇస్తారు.
"సరిహద్దులో ఇప్పుడే" అని ఒక వీడియో.
ఆకాశం నిండా నిప్పులు.
పిల్లలాడే ఆటలోంచి కోసిన ముక్క అది.
పై మూలన మూడు ఎర్రటి గుండెలు
వెలుగుతూనే ఉన్నాయి,
ఆటగాడికి ఇంకా మిగిలిన ప్రాణాలు.
నాలుగు లక్షల మంది చూశారు.
మూల చూసినవాళ్లు లేరు.

ఆ తర్వాత అసలుది వచ్చింది.
"హార్బర్ దగ్గర ఏదో పడింది అంట..
పిల్లల్తో జాగ్రత.."

జాగ్రత. తవొత్తు లేని జాగ్రత్త.
చుక్కలు మూడు కాదు, రెండు.
ఫోన్లో ఒత్తులు వెతికే ఓపిక నాకెప్పుడూ లేదు.

ఆ రాత్రి వాన. వేళచ్చేరి రైలు మధ్యలో ఆగిపోయి
బోగీలో అందరి ముఖాల మీదా ఫోన్ల వెలుగు.
నలుగురికే పంపాను,
సముద్రానికి దగ్గరగా ఉండే నలుగురికి.
ప్రేమతో పంపినదానికి
మా కోడ్ పుస్తకంలో అంకె లేదు.

రాయపురం లూర్దుమేరీ
చీకట్లో ఇద్దరు పిల్లల్నీ లేపి మేడ దిగుతూ
మెట్టు జారింది. మణికట్టు విరిగింది.
కమలాలు పట్టుకెళ్లి చూసొచ్చాను.
కట్టు మీద చిన్నది పడవ బొమ్మ వేసింది,
తెరచాప ఊదారంగు.
"పదకొండు మంది పంపార్లే" అంది మేరీ.
నేనెన్నోదాన్నో అడగలేదు.
ఒక కమలా ఒలిచి తొనలు చేతికిచ్చాను.

ఇప్పుడు గడిలో కర్సర్ కొట్టుకుంటోంది.
ఐదా.
ఏడు నొక్కి, చెరిపాను.
గోడ అవతల అతనూ ఈ పాటికి
ఈ వాక్యం దగ్గరికే వచ్చుంటాడు.
మూడేళ్లుగా నా మెసేజులు చదువుతున్నాడు,
నా ఒత్తులు అతనికి తెలుసు.

టైపు చప్పుడు ఆగింది.