సుద్దముక్కతో

చీమకుర్తి రోడ్డులో, పాలిషింగ్ యూనిట్ వెనక
మూల విరిగిందని పారేసిన గెలాక్సీ పలకని
సైకిలు క్యారియర్‌కి కట్టుకొచ్చాడు నాగూరు,
పోయినేడు జనవరి ఒకటిన.
"రాయి మీద రాస్తే జరిగి తీరుద్ది" అన్నాడు.
తెల్ల పెయింటుతో రాశాడు:
డాబా. బండి. పాపకి రెండు తులాలు.
అప్పు మొత్తం. గుట్కా బంద్.
ఒక్కో అక్షరం బెత్తెడు.

వడ్డీకొచ్చి వాకిట్లో కూచున్న మనిషిలాగా
ఏడాదంతా తలుపెనక నుంచి మమ్మల్ని చూస్తానే ఉంది.
ఫిబ్రవరిలో దానికి అడ్డంగా బియ్యం బస్తా పెట్టాను.
బస్తా దిగినప్పుడల్లా
'డాబా' తల ఎత్తేది.

మా అత్త హుస్సేనమ్మకి చదువు రాదు.
"ఎవురి సమాధి రాయే అది?" అనడిగింది ఒకరోజు.
నాగూరు నవ్వలేదు.
ఆ రాత్రి రెండు పొట్లాలు ఎక్కువ నమిలాడు.

డిసెంబరు ఆఖరు రాత్రి
వీధిలో కుర్రోళ్ళు కేకు కోస్తా ఉంటే
నేను పాత బ్లేడుతో పెయింటు గీకాను.
గోళ్ళ కింద తెల్లగా పోయినేడు.
రాయికి మాత్రం ఏమీ కాలేదు,
లోపలి రాగి చుక్కలు ఎక్కడివక్కడే.

రిజ్వానా సంచిలోంచి సుద్దముక్క తీసింది.
"ఈసారి నేను రాస్తా.
చిన్నవి చెప్పండి. చెరిపి రాసుకునేవి."

డాబా సంగతి చెప్పమంటే
నాగూరు చాలాసేపు పెరట్లోకి చూశాడు.
"బాత్రూముకి తలుపు" అన్నాడు.
"తడిక కాదు. లోపల గడియ ఉండే తలుపు."
పద్నాలుగేళ్ళ పిల్ల
తలెత్తకుండా రాసింది.
గడియ కింద రెండు గీతలు గీసింది.

గుట్కా దగ్గర బేరం నడిచింది.
రోజుకు ఎనిమిది. నేను నాలుగన్నాను, ఆయన ఏడన్నాడు.
కొత్తపట్నం చేపలామె గంప ఎత్తుకుని లేచిపోతున్నట్టు
నేనూ లేచాను.
ఉగాదిదాకా ఆరు, ఆ తర్వాత చూద్దాం అన్నాడు.
'చూద్దాం' రాయలేదు రిజ్వానా. ఐదు అని రాసింది.

అప్పు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తాను.
మొత్తం అనలేదు.
సంఘం కిస్తీ పదో తారీకు దాటకూడదు, అంతే.

"వారానికి రెండ్రోజులు పక్క తడపను"
అన్నాడు బాజీగాడు, ఎవరూ అడక్కుండానే.
మిగతా ఐదు రోజులో?
"అయి వచ్చే ఏడుకి."
మా అందరిలోకీ వాడికే తెలుసు
ఏడాదిని ఎట్టా కొరుక్కు తినాలో.

"నన్నడగరేందిరా" అంది మంచంలోంచి అత్త.
కనిగిరి పోవాలంట.
ఆ నీళ్ళకి మోకాళ్ళు వంకర్లు పోయి
చెల్లెలు కాశింబీ గడప దిగలేదు.
ఎనిమిదేళ్ళు ఫోన్లో దగ్గులే వినుకున్నారు ఇద్దరూ.
"ఒక్క పూట చాలు. పక్కన కూచుని వక్క కొరికి పెట్టి వస్తా."
నాగూరు వేళ్ళు మడిచి లెక్కేశాడు,
ఒక ఆదివారం. ఒక్క ఆదివారం.
ఇన్నాళ్ళూ దొరకంది అదే.

"నీదేందమ్మా?"

నా దగ్గర ఏమీ లేదు.
చంక్రం పొగాకు కంపెనీలో గ్రేడింగు బల్ల ముందు
ఆకుని చూడంగానే ఏ రకమో చెప్తాను,
ఇది మాత్రం చెప్పలేకపోయాను.
జానెడు జాగా వదిలెయ్యమన్నాను.
కనపడినప్పుడు చెప్తాలే.
అది ఖాళీగా ఉంది,
దీపం వేస్తే ఆ జాగాలోనే చుక్కలు ఎక్కువ మెరుస్తాయి,
లేక నేనే అటు చూస్తా ఉన్నానో.

మూడో రోజు క్వారీలో బ్లాస్టింగుకి
గిన్నెలన్నీ ఒకసారి గలగలమన్నాయి.
సుద్ద కొంచెం రాలింది,
గడియలో నడిమి అక్షరం పోయింది.
బడికి టైమయిందని అరుస్తా ఉన్నా వినకుండా
రిజ్వానా చెప్పులతోనే మోకాళ్ళ మీద కూచుని
దాన్ని మళ్ళీ దిద్దింది.