లేత పసుపు

తుఫానుకింకా పేరు పెట్టలేదు.
వాయుగుండం అనే అంటున్నారు రేడియోలో.
నేను రిజిస్టరు తీసి
తొమ్మిదో నెల పేజీలో వేలు పెట్టాను.
ముగ్గురు.
పామంజి కావేరి, ఆవుల ధనమ్మ,
కాలవకట్ట మీద యానాదుల గుడిసెల్లో
మానికాల చెంచురత్నం.

కావేరీ ధనమ్మా కోవూరు ఆస్పత్రికి ఆటో ఎక్కారు,
సంచుల్లో చీరలూ ఆధార్ కార్డులూ కుక్కుకొని.
"ఎండ పేల్చేస్తంటే తుపానేందమ్మే ఈ నర్సుకి!" అని
దారి పొడుగునా నన్నే ఆడిపోసుకున్నారంట.
పర్లేదు.
తిట్టే నోరు బతికున్న నోరు.

చెంచురత్నం రానంది.
పీతల బుట్టలు కాలవలోనే ఉన్నాయంది.
కిందటి తుఫానుకి షెల్టర్లో
వాళ్లని మెట్ల కింద పడుకోబెట్టిన సంగతి
ఆమె ఎత్తలేదు.
నాకు గుర్తుంది.
ఆ రాత్రి టార్చిలైటు పట్టుకొని నేనక్కడే ఉన్నాను,
ఎవర్నీ ఒక్క మాట అనకుండా.

షెల్టరు తాళంచెవి గుమస్తా మొలతాడుకుంది,
గుమస్తా అల్లూరులో పెళ్లి భోజనం దగ్గరున్నాడు.
ఆశా వర్కర్ సుబ్బులక్క లంగరు రాయి తెచ్చి
మూడు దెబ్బల్లో తాళం తేల్చేసింది.
మేడ మీద గదిలో మేకపెంటికలు ఊడ్చాం.
బ్లీచింగు బస్తా అడుగు చెమ్మకి గడ్డకట్టింది,
గరిటెతో గోకాం.
ఓఆర్ఎస్ పొట్లాలు లెక్కపెట్టి,
లెక్క తప్పి,
మళ్లీ పెట్టాం.
పోతా పోతా సుద్దముక్కతో తలుపు మీద రాశాను:
చెంచురత్నం గది.

చదవడం రాదామెకి.
ఎవరో చదివి చెప్పుంటారు.
దీపాలవేళ మెట్లెక్కి వచ్చింది
పొట్ట మీద తడిసిన గోనెపట్టా కప్పుకొని,
మొగుడి చేతిలో పీతల బుట్టలతో సహా.

రాత్రంతా గాలి.
ఆ రాత్రి గురించి అందరూ చెప్తారు, నేను చెప్పను.
కాన్పు కూడా కాలేదు.
తెల్లారి ఒక పీత బుట్టలోంచి తప్పించుకొని
సర్పంచి కాలు పట్టుకుంది, అంతే.

మా అన్న గాలికి పోలేదు.
ఏడేళ్లు వాడికి.
తుఫాను వెళ్లిన పన్నెండో రోజు,
ఎండ కాస్తుండగా,
అందరూ తాటాకు కప్పుకుంటూ గండం గడిచిందనుకుంటుండగా,
చెంబుడు నీళ్లకి పోయాడు.

అందుకే నాకు తుఫాను తర్వాతి ఎండంటే భయం.
గాజుగొట్టంలో నీళ్లు పట్టి
మందు చుక్కలేస్తాను, ఇంటింటికీ.
లేత పసుపు తేలితే బతుకు.
గడపకి రాసేంత పసుపు అక్కర్లేదు,
వేలు ముంచి తీసినంత.
"బ్లీచింగు కంపు, అన్నం సహించడంలేదు" అని
పోలమ్మవ్వ బిందె ఒంపేయబోయింది.
గ్లాసు ముంచి ఆమె ముందే తాగాను.
నిజమే, కంపే.

పదో రోజు పైనుంచి ఫోను.
"మీ పాళెంలో ఏం జరిగింది?"
ఏం జరగలేదు సార్.
"విరేచనాలు?"
లేవు సార్.
"సరే, నిల్ అని పంపించు."
ఆ రెండక్షరాలకి ఎన్ని చెప్పులరిగాయో
ఆయనకి తెలియాల్సిన పన్లేదు.

ఆ సాయంత్రమే కాలవకట్టకి పోయి
చెంచురత్నం బిందెలో నీళ్లు పట్టాను.
చుక్కలేశాను.
ఊపాను.
వెలుతురుకెత్తి చూశాను.
రంగు రాలేదు.
ట్యాంకరు కట్ట మీదికి ఎక్కదంట,
డ్రైవరు తిప్పుకోవడానికి చోటు లేదంట.
పదిరోజులుగా ఊరంతా పసుపు చూసుకొని
నిల్ రాసింది నేనే.

ఆ నిల్ పక్కన రాయడానికి ఫారంలో గడి లేదు.
మార్జిన్లో రాశాను, పెన్ను గట్టిగా అదిమి.

బిందెలో మాత్ర వేసి అరగంట ఆగాలి.
ఆగాం ఇద్దరం,
బిందెకి అటొకరూ ఇటొకరూ.
తనకి నొప్పులు మొదలయ్యాయేమో,
మధ్యమధ్య కళ్లు మూసుకుంటా ఉంది.
నేను 108కి ఫోను కలుపుతా ఉన్నాను.
"అమ్మా, ఇప్పుడు చూడు," అంది.