పదకొండున్నర

నా సంచిల ఏం తెచ్చిన్నో సూద్దామని
మద్దూరు ఆడోళ్లు గుమిగూడిండ్రు.
సెంటు సీసా లేదు, బిస్కిట్ డబ్బా లేదు.
మూడు రంగుల పట్టీ ఒకటి,
మూరెడన్న లేదు.
"గిదానికా తొమ్మిది నెలలు పరాయి దేశం పోయినవ్?"
మా అమ్మ కుర్మమ్మ దాన్ని ఎలుగుకు పట్టి సూసింది,
దొంగ నోటేమో అన్నట్టు.

ఇది జబ్బ కొలిచే పట్టీ అమ్మా.
ఆర్నెల్లు దాటిన పిల్ల ఎడమ జబ్బకు చుట్టి గుంజుతం.
ఆకుపచ్చ వస్తే, పో, ఆడుకో.
పసుపొస్తే ఆగు.
పదకొండున్నరకు తక్కువైతే ఎరుపు.
ఎరుపు కాడ నేనేం మాట్లాడ,
పల్లి ముద్ద పొట్లం తీస్త.

పల్లి ముద్దంటే నవ్వింది.
"మన చేన్ల పల్లీలేనా?"
ఏమో. పొట్లం మీద ఊరి పేరు రాసి లేదు.

కాక్స్ బజార్ దాటినంక గుట్టలు.
గుట్టల మీద వెదురు, వెదురు మీద తార్పాలిను.
గట్టి వానొస్తే ఇల్లు గాదు, గుట్టే జారుతది.
తొలిరోజే ముక్కుకు తగిలింది,
ఎండకు కాగిన తార్పాలిను, పొగ,
పాలు కక్కిన గుడ్డ.
గా వాసన నాకు కొత్త గాదు.
నేను పుట్టింది ఎక్కడో కట్ట పని కాడ, గుడారంల.
మేస్త్రి పేరు అమ్మకు యాదున్నది,
ఊరి పేరు యాదికి లేదు.
బడి సర్టిఫికెట్ల మద్దూరని
సారే తోచినట్టు రాసిండు.

గందుకే కార్డు మీద 'ఊరు' అన్న గడి కాడ
నా పెన్ను ఆగేది.
నూర్ కలిమా నా మొఖం దిక్కు సూసేది.
ఆమె భాష నాకు రాదు,
నా పాలమూరు ఉర్దూ ఆమెకు సగం తెలుస్తది.
ఆ సగంలనే పానీ, బుఖార్, దూద్, కల్.
కల్ అంటే నిన్ననా, రేపా,
ఇద్దరం ఎన్నడూ తేల్చుకోలే.

ఆమె కొడుకు ఆయాస్.
పదకొండు పాయింట్ రెండు.
వారానికి మూడు. మల్ల మూడే.
విరేచనాలు, మల్ల రెండు.
ఐదో వారం పదకొండు పాయింట్ ఆరు.
నమ్మక రెండుసార్లు చుట్టిన.
ఆమె నా చెయ్యి వట్టుకుని "కల్" అన్నది.

మర్నాడు పోతే గుడారం లేదు.
వెదుర్లు పీకిన గుంతలు నాలుగు,
వాటిల నీళ్లు.
ఏరే బ్లాకన్నరు, ఏదో దీవన్నరు.
దుబాసి పోరడు రఫీక్ చెప్పులు సూసుకుంట నిలబడ్డడు.
కార్డు నా కాడనే ఉండిపోయింది.
ఇప్పటికీ ఉన్నది. సూపమంటే సూపియ్య.

మొన్న బుధవారం, సూదుల దినం.
లిస్టుల పద్నాలుగు మంది, వచ్చింది తొమ్మిది.
"మాణిక్కెమ్మ బిడ్డ ఏది?" అంటే
ఆశా వర్కరు రోడ్డు దిక్కు సూపింది.
బొంబాయి బస్సు.
టాపు మీద బియ్యం మూటలు, గిన్నెలు, పారలు.
ఉరికి ఎక్కిన.

"టికెట్" అన్నడు కండక్టరు.
"జర ఆగన్నా" అని
పిల్ల అంగి చెయ్యి పైకి మడిచిన.
బస్సు కదిలింది. నా చెయ్యి వణుకుతున్నది,
పిల్ల నా గాజు నోట్ల పెట్టుకున్నది.
పన్నెండు.
పసుపు.

పసుపంటే ఆగుమని గదా.

"యాడికి పోతున్నరు?"
"భివండి దిక్కు. ఊరు పేరు మేస్త్రికి ఎరుక."
గుడ్డు పెట్టు, పల్లీలు దంచి పెట్టు,
నీళ్లు కాచి పొయ్యి, అన్న.
మాణిక్కెమ్మ తలూపింది,
గుడ్డు ధర లెక్క కట్టుకుంట.
పిల్ల కార్డు తీసుకుని
'ఊరు' గడిల నా ఫోన్ నంబరు రాసిన.
పది అంకెలు పట్టలే, ఆఖరు రెండు పక్క గడిలకు పోయినయ్.

కోస్గి చౌరస్తల దించిండు కండక్టరు,
పైసలు తీసుకోలే.
చాయ్ తాగుతుంటే జేబు తడిమి సూసుకున్న.
పట్టీ ఆ పిల్ల జబ్బకే ఉన్నది.
మద్దూరుకు ఎదురు బస్సు ఎప్పుడొస్తదో,
అక్కడ సూదుల డబ్బా మూత పెట్టొచ్చిన్నో లేదో.