పంపు దగ్గరి మనిషి

నేను లోపలికి వెళ్ళినవాణ్ణి కాదు.
ముందే చెప్పేస్తున్నాను,
రేపు వీడ్కోలు సభలో ఎవరైనా వీరుడనకముందే.

వల్పరాయిసో కొండల మీద
ఇరవై తొమ్మిదేళ్ళు ఫైరింజన్ నడిపాను.
ఇక్కడ మంటల్లోకి దూకేవాళ్ళకి జీతం లేదు.
రొట్టెలు కాల్చే బల్తసార్, లెక్కల టీచరు ఇగ్నాసియా,
నెలనెలా చందా కట్టి మరీ పొగ మింగుతారు.
జీతం నాకొక్కడికే.
స్టేషను మేడ మీద రెండు గదులు,
సైరను కింద కాపురం.
నా కూతురు ఉగ్గుపాలతో పాటు ఆ మోత తాగింది.
ఇప్పటికీ నిశ్శబ్దంలో దానికి నిద్ర పట్టదు.

నా పని ముల్లును చూడటం.
ఒత్తిడి తగ్గిందా,
లోపలివాడి చేతిలో గొట్టం చచ్చిన పాము.
వెళ్ళేముందు ఒక్కొక్కరూ
పేరున్న బిళ్ళ తీసి నా బోర్డుకి తగిలిస్తారు,
వానరోజు గుమ్మం బయట గొడుగులు వదిలినట్టు.

పిల్లలు మంటకి కాదు, మాకు భయపడతారట.
ఆ ముసుగూ, ఆ బుసకొట్టే ఊపిరీ చూసి
మంచం కింద ఇంకా లోపలికి జరుగుతారట.
ఇగ్నాసియా చెప్పింది,
బండి మెట్టు మీద కూర్చుని, చేతితొడుగులు విప్పకుండానే.
సోమవారం భిన్నాలు చెప్పడానికి బడికి వెళ్ళింది.

ఆ ఫిబ్రవరి రాత్రి
యూకలిప్టస్ లోయలోంచి గాలి ఎగబాకి వచ్చింది.
కొండమీది కొళాయిలు రెండుసార్లు దగ్గి ఊరుకున్నాయి.
ట్యాంకులో ఉన్నవి నాలుగు నిమిషాల నీళ్ళు.
బయటికి రమ్మని హారన్ కొట్టాను,
కొడుతూనే ఉన్నాను.
ఐదు బిళ్ళలు తీసుకున్నారు.
ఆరోది గాలికి ఊగింది, తెల్లారేదాకా.

పొద్దున్నే బల్తసార్ తల్లి ఎదెల్మిరా
చెప్పులు లేకుండా మెట్లన్నీ ఎక్కి వచ్చి
"నీళ్ళెందుకు ఆగాయి?" అంది. అంతే.
నీళ్ళు పంపడమే నా కొలువు.
ఆ పొద్దు నీళ్ళు నమిలాను.

ఆ వీధిలో మళ్ళీ ఇళ్ళు లేచాయి.
అవే చెక్కలు, అవే రేకులు, అదే వాలు.
రొట్టెల దుకాణం ఇంకెవరో నడుపుతున్నారు.
మోకాళ్ళు తిట్టుకున్నా సరే,
నేను చుట్టుదారినే పోతాను.

రేపు తాళంచెవులు ఇచ్చేయాలి.
ఇల్లు ఉద్యోగంతో పాటే పోతుంది.
నా జాగాలోకి వచ్చిన కుర్రాడు యెర్కో
ఇవాళ పంపు చుట్టూ రెండుసార్లు తిరిగి
"ట్యాంకు నిండుగా ఉంటే ఎంతసేపు?" అన్నాడు.
"నాలుగు నిమిషాలు."
కాగితం మీద రాసుకున్నాడు.