కాటా గది

సోహార్ రేవు వెనక, రెండో గేటు.
కంకర లారీలు కాటా ఎక్కుతయి, దిగుతయి.
ఖాళీగ ఒక లెక్క, నిండుగ ఒక లెక్క.
నడుమ రాత్రంత నేనే.

మాజిన్ కాలేజీ పిల్లగాడు, పగటి డ్యూటీ వాడు.
పరీక్షలు దగ్గరపడితే ఇంటికి పోడు,
నా బల్ల మీదనే లాప్‌టాప్ తెరుస్తడు.
"హాస్కెల్" అన్నడు. ఏదో మందు పేరనుకున్న.
వచ్చీరాని హిందీల చెప్పిండు:
ఇందుల ఫంక్షన్ దేన్నీ ముట్టదు,
దాన్నెవ్వరు ముట్టరాదు.
మూడిస్తే ఆరు. నడిరాత్రి ఇచ్చినా ఆరే,
జూన్ ఎండల ఇచ్చినా ఆరే.
అంత శుద్ధం, అన్నడు.
నాకు తెల్వదా ఏంది.

మడి.
మా అమ్మ పంతులింట్ల గిన్నెలు తోమేది, పెరట్లనే.
తోమినంక నీళ్లు చల్లి లోపలికి తీసుకునేటోళ్లు.
ఆమె చేతి నుంచి వాళ్ల చేతికి
ఏనాడూ ఏదీ నేరుగ పోలేదు.
అరుగు మీద పెట్టి
ఆమె నాలుగడుగులు వెనక్కి జరగాలె.

"మరి బయటి మాట లోపలికెట్ల?" అడిగిన.
"మెయిన్ ఉంటది గదా.
గేటు కాడ అదొక్కటే నిలబడతది.
అడిగేదీ అదే, వినేదీ అదే.
బయట ముట్టినదానికి ఒక ముద్ర పడతది,
ఆ ముద్ర మళ్ల పోదు."
నా చొక్కా దిక్కు చూసుకున్న. సున్నపురాయి దుమ్ము.
మెయిన్‌తోని నాకు చుట్టరికం కలిసింది.

పదహారు రాత్రులు పట్టింది.
గెట్‌లైన్ అంటే వినుడు కాదంట,
వినాలె అని రాసిపెట్టిన చీటీ అంట.
ఎన్ని చీటీలు రాసినా చప్పుడుండదు,
మెయిన్ చేతికిస్తేనే కదులుతది.
బాణం గుర్తు ఎడమకు తిప్పాలె.
నేను నాలుగుసార్లు కుడికి పెట్టిన.
తెరనిండ తిట్లు, అర్థంగాని తిట్లు.
మాజిన్ అప్పటికే కుర్చీల నిద్రపోయిండు.

పదిహేడో రాత్రి, రెండు దాటినంక
గుల్ జమీన్ లారీ వచ్చింది.
తూకం తేలేదాక లోపలికి పిలిచి
"ఇదేదో అడుగుతది, జవాబు కొట్టు" అన్న.
నల్లటి తెర. అదేం అడగలె.
గుల్ జమీన్ నన్ను చూసిండు, తెరను చూసిండు.
చానాసేపు ఊకున్నడు.
తర్వాత చూపుడువేలుతోని
ఒక్కో మీటా వెతికి వెతికి కొట్టిండు:
చార్ మహీనే కీ తన్‌ఖా.
వాళ్ల కంపెనీల రంజాన్ నుంచి పైసల్లేవు.

ఎంటర్ కొడితే అప్పుడొచ్చింది
గొంతుల ఇరుక్కున్న ప్రశ్న, దాని తోకకే జవాబు:
నీ పేరేంది? సలాం, చార్ మహీనే కీ తన్‌ఖా.

నవ్వినం. వాడైతే కండ్లు తుడుచుకునేదాక నవ్విండు.
చీటీ తీసుకొని బండెక్కిండు, నలభై రెండు టన్నులు.

పొద్దున మాజిన్ చూసి చెప్పిండు:
అడుగుడు అడిగినవు, మాట గట్టు దాటలె.
వరుస తెగేదాక లోపలనే ఊరుకుంటది.
"ఫ్లష్" అని ఒక్క ముక్క పెట్టు.

పెట్టిన.
ఇప్పుడు సక్కగ ముందే అడుగుతది.
లాల్ బాద్‌షా, సర్దార్ వలీ, మొన్న ఒక మలబారాయన,
అందరు సక్కగ పేర్లే చెప్తున్నరు.

తప్పుడు ఫైలు మాత్రం తుడవలె,
ఇంకో పేరు పెట్టి దాచిన.
ఎవరన్న డ్రైవరు చాయ్ గ్లాసుతోని
ఏం మాట్లాడక కూసుంటే
అదే తెరిచి ముందర పెడత.
గీత ఒకటి మినుకుమినుకుమంటది, ఏదీ అడగది.
నేను అటు తిరిగి కాటా దిక్కు చూస్త.